నవాబు తొట్టిలో చిల్లగింజ

చేపకు శాకాహారుల ఇంటిని మించిన క్షేమం లేదని షరీఫున్నీసా బేగం నిర్ణయించింది. ఆ వాదంలో తప్పు పట్టడం తర్కశాస్త్రం బోధించే సదాశివకు కూడా సాధ్యం కాలేదు.

"మా ఖాందాన్ల ఎవలింట్ల ఇచ్చినా ఒక కన్ను కడాయి దిక్కే ఉంటది, సార్," అన్నది బేగం. "మీరు లింగాయతులు. గుడ్డు గూడ గడప దాటనియ్యరు. మా నవాబుకు మీ ఇల్లే ఖిలా."

అది ఎనభై మూడు ఎండాకాలం. ఆమె ఇంటి యజమానురాలు. వాకిలికి అవతలి భాగంలో ఒంటరిగా ఉంటుంది. ఇవతలి భాగంలో సదాశివ, అతని భార్య మనోరమ అద్దెకుంటున్నారు. కూతురి కాన్పుకు బేగం గుల్బర్గా వెళ్తున్నది. నవాబు ఆమె భర్త బతికున్నప్పుడు హైదరాబాదు నుంచి బస్సులో, ఒళ్లో పెట్టుకొని తెచ్చిన ఉబ్బుకళ్ల బంగారు చేప. ఆయన తెచ్చినవాటిలో ఊపిరి ఉన్నది ఇదొక్కటే మిగిలిందనీ, తాను తిరిగి వచ్చేదాకా ఇది బతికి ఉంటే చాలుననీ చెప్పి ఆమె రిక్షా ఎక్కింది.

చేపను చూసుకొనే పద్ధతి కూడా చెప్పే వెళ్లింది. పొద్దున్నే తొట్టిలోంచి కొన్ని చెంబుల నీళ్లు తీసి, తేరుకున్న కొత్త నీళ్లు పోయాలి. సదాశివ కొన్నాళ్లు అలాగే చేశాడు. తర్వాత అతనికి ఒక సందేహం కలిగింది. రేపు మళ్లీ చేయవలసి వచ్చే పనిని పరిష్కారం అనవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ అతడు చెంబు ముట్టుకోలేదు. తొట్టి పచ్చబడింది. నవాబు నీటిపైకి వచ్చి నోరు తెరవడం మొదలుపెట్టాడు.

హైవే మీద మోటార్లకు వైండింగ్ చేసే మాణిక్ సాయంత్రాలు కబుర్లకు వచ్చేవాడు. అతడు తొట్టిని చూసి, బొంబాయిలో దీనికి యంత్రాలు దొరుకుతాయన్నాడు. ఒక డబ్బా, రెండు పైపులు. మురికినీళ్లు ఒక దారిన లోపలికి పోతాయి, వడకట్టుకొని ఇంకో దారిన తొట్టిలోకి వస్తాయి. లారీ డ్రైవరుకు ఒక్క మాట చెబితే తెచ్చి ఇస్తాడు.

సదాశివ ఒప్పుకోలేదు. కొన్న వస్తువు ఇంట్లోకి వస్తుంది గాని బుద్ధిలోకి రాదన్నాడు. మనం నిర్మించినదాన్నే మనం ఎరుగుదుమన్నాడు. ఆ రాత్రి ఇది సిద్ధాంతమా, పిసినారితనమా అని తనను తాను పరీక్షించుకున్నాడు. సిద్ధాంతమే అని తేలింది. రెండోసారి పరీక్షించుకోలేదు.

డబ్బాకు గాలి చొరని మూత కావాలి. రబ్బరు పట్టీతో బిగుసుకొనే మూత, ఆ మూతకు ముందే రెండు రంధ్రాలు ఉన్న పాత్ర ఇంట్లో ఒక్కటే ఉంది. మనోరమ చుట్టాల పెళ్లికి రాయికోడ్ వెళ్లిన రోజున మాణిక్ డ్రిల్లు తెచ్చాడు. కుక్కరు మూతకు ఉన్న విజిల్ రంధ్రాన్నీ, దాని పక్కదాన్నీ పైపు పట్టేంత వెడల్పు చేశాడు. లోపల గులకరాళ్లు, బొగ్గుముక్కలు, దూది పరిచారు. పాత కూలర్ మోటారును తొట్టిలో దింపారు.

మనోరమ తిరిగి వచ్చి కుక్కరును చూసింది. రాత్రి కంచంలో కందిపప్పు గింజకు గింజ విడిగా ఉంది. పప్పు ఉడకలేదని సదాశివ అన్నాడు.

"కుక్కర్ల మీ ఆలోచన ఉడుకుతున్నది గద. అది దిగినంక పప్పు ఎక్కిస్త," అన్నది మనోరమ.

ఫిల్టర్ పనిచేసింది. ఇది సదాశివ ఊహించని సంగతి. పచ్చదనం తగ్గింది, పల్చని మసక మాత్రం మిగిలింది. అంతటితో ఆగితే బాగుండేది. కాని అతనికి చిల్లగింజ గుర్తొచ్చింది.

చిల్లగింజను సానమీద అరగదీసి బురదనీళ్లలో కలిపితే, మురికిని కూడగట్టుకొని తానూ అడుగుకు దిగిపోతుంది. జ్ఞానం కూడా అలాగే అజ్ఞానాన్ని పోగొట్టి తానూ శమిస్తుందని వేదాంతులు చెబుతారు. సదాశివ ఈ దృష్టాంతాన్ని ఏటా పాఠంలో చెప్పాడు. గింజను మాత్రం ఎన్నడూ చూడలేదు. సంతలో మూలికలమ్మే బీరమ్మ దగ్గర దోసెడు కొని, అరగదీసి, ఆ గంధాన్ని కుక్కరులో పోశాడు. మోటారు బలమైనది కనుక జర ఎక్కువ పొయ్యాలన్నాడు మాణిక్. ఎక్కువే పోశారు.

నీళ్లు మజ్జిగ అయ్యాయి.

సదాశివ చాలాసేపు చూశాడు. చిల్లగింజకు నిశ్చలత కావాలి. మోటారుకు చలనం కావాలి. ఒకటి కూర్చోబెట్టి శుద్ధి చేస్తుంది, ఇంకొకటి తిప్పి శుద్ధి చేస్తుంది. రెండూ కలిస్తే ఒకదాని పనిని మరొకటి చెరుపుతుంది. ఇన్నేళ్లు బోధించిన దృష్టాంతంలో ఇంత వైరుధ్యం దాగి ఉందని తెలిసి అతనికి అమితమైన ఆనందం కలిగింది. ఆ ఆనందాన్ని విపులంగా వివరించేందుకు మాణిక్‌ను వెంటబెట్టుకొని బస్టాండు హోటలుకు చాయ్ తాగడానికి వెళ్లాడు. మోటారు తిరుగుతూనే ఉంది. నవాబు ఆ మజ్జిగలోనే ఉన్నాడు.

వాళ్లు రెండో చాయ్ చెప్పేసరికి కుక్కరులో దూది గంధంతో గట్టిపడింది. నీటికి దారి మూసుకుంది. పైపు మూత నుంచి ఊడి, మోటారు తొట్టిని గదిలోకి తోడిపోయసాగింది. మనోరమ వంటింటి నుంచి వచ్చేసరికి రెండు వేళ్ల నీటిలో నవాబు పక్కకు ఒరిగి ఉన్నాడు.

ఆమె స్విచ్ ఆర్పింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి చేపను తాకని మనిషి. ఒక్క క్షణం ఆగి, కళ్లు మూసుకొని, రెండు చేతులతో పట్టుకున్నది. బిందె తాగేనీళ్లది. గంగాళం పూజకు వాడేది. ఇంట్లో ఇక చెడడానికి మిగలని పాత్ర ఒక్కటే ఉన్నది. చేపను కొంగులో పట్టుకొనే ఒక చేత్తో కుక్కరులోని రాళ్లూ దూదీ వాకిట్లో బోర్లించి, కడిగి, తేరిన నీళ్లు నింపి, అందులో వదిలింది. కుక్కరును పొయ్యి గట్టు మీద పెట్టింది.

సదాశివ, మాణిక్ వాకిట్లోకి వచ్చిన వేళకే రిక్షా ఆగింది. షరీఫున్నీసా బేగం దిగింది. తడిసిన గది దాటింది, ఖాళీ తొట్టి చూసింది, వంటింట్లోకి వచ్చి పొయ్యి గట్టు మీద కుక్కరులోకి తొంగిచూసింది. తర్వాత తలెత్తి సదాశివను చూసింది.

"మీరు గూడ షురూ జేసిన్రా, సార్?"

సదాశివ చలనం గురించి, నిశ్చలత గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు.

"బతికే ఉన్నడు, ఖాలమ్మా," అన్నది మనోరమ. "నేనే చేత్తోని పట్టిన." అరచేయి చాచింది. దాని మీద ఒక పొలుసు మెరుస్తున్నది.

బేగం ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని కాసేపు వదలలేదు. తర్వాత సంచిలోంచి రొట్టె ముక్క తీసి, నలిపి, నీళ్లలో వేసింది. నలుగురూ కుక్కరు మీదికి వంగారు. నవాబు కదలలేదు. రొట్టె నెమ్మదిగా మునిగిపోయింది. సదాశివ మనసులో, అతనికి తెలిసినంతవరకు మొదటిసారి, ఏ వాక్యమూ లేదు.

ఆమె మళ్లీ వేసింది. నవాబు తోక ఆడింది. మూతి పైకి వచ్చింది. రొట్టె లేదు.

బేగం ముక్కు చీదుకున్నది. బొంబాయి లారీ ఎప్పుడు పోతదని మాణిక్‌ను అడిగింది, ఎల్లుండి అన్నాడు. యంత్రం తెప్పించమన్నది. కొత్త కుక్కరు సంగతి సార్ చూసుకుంటడని మనోరమకు తానే మాట ఇచ్చింది. సదాశివ తలూపాడు.

ఆ తర్వాత ఇద్దరు స్త్రీలూ చెరొక పిడి పట్టుకొని కుక్కరును వాకిలి దాటించసాగారు. సాయం పట్టేందుకు సదాశివ దగ్గరికి పోయాడు.

"మీరు జర అటు నిలవడున్రి, సార్," అన్నది బేగం. "మీరు ఆలోచన జేస్తే నీళ్లు కదుల్తున్నయి."

అతడు పక్కకు తప్పుకొని, వాళ్లు దాటేదాకా తలుపు పట్టుకొని నిలబడ్డాడు.