నాన్న చెప్పిన ఉదాహరణ

పాల ప్యాకెట్ మూలని పూర్తిగా కత్తిరించకూడదు. ఆ చిన్న ముక్క విడిపోతే ఎక్కడికో ఎగిరిపోయి చెత్తయి కూర్చుంటుంది, అందుకని కత్తెర సగంలోనే ఆపాలి. నియమం నాన్నది. కత్తెర ఆపేది అమ్మ. ఖాళీ ప్యాకెట్‌ని తిరగేసి కడిగి, ఆరబెట్టి, గోనెసంచిలో వేసేది నేను. కూరగాయల తొక్కలు పెరట్లో కుండలోకి, వాటి మీద గుప్పెడు ఎండుటాకులు. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి. బట్టలు జాడించిన నీళ్లు స్నానాలగది కడగడానికి. నాన్న అప్పుడప్పుడూ చెత్తబుట్ట మూత ఎత్తి, లోపలికి తొంగిచూసి, "ఇదెవరు పడేశారు?" అంటారు. ఆయన కారులో దొర్లే నీళ్ల సీసాల గురించి ఎవరూ అడగరు. అది ఆఫీసు చెత్తట.

అయినా నాకు ఈ పనంటే విసుగు లేదు. తొక్కలు నల్లటి మెత్తటి మట్టిగా మారడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. గుడ్డల సంగతి కూడా నా అంతట నేనే మొదలుపెట్టుకున్నాను. నెలసరికి వాడే ప్యాడ్లు ఎన్నేళ్లయినా మట్టిలో కలవవని బడిలో సైన్సు టీచర్ ఆడపిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఆ సెలవుల్లో ఒక పాత మెత్తటి దుప్పటిని మడతలేసి, చుట్టూ కుట్టి, జారకుండా గుండీలు పెట్టుకున్నాను. మొదటిది వంకరగా వచ్చింది. రెండోది బాగా కుదిరింది. ఉతికి, వేరే బట్టల చాటున ఆరేసుకునేదాన్ని. నాన్న పెట్టిన ఇంకో నియమం అది: ఆడవాళ్ల లోపలి బట్టలు తీగ మీద బయటికి కనిపించకూడదు.

అమ్మకి మాత్రమే చెప్పాను. "నాన్నకి చెప్పకమ్మా," అన్నాను.

"పిచ్చిపిల్లా, ఇలాంటివి మగవాళ్లతో చెప్తామా ఎక్కడైనా?" అని నా చెంప మీద చిన్నగా కొట్టింది. నేను నమ్మాను. ఇంట్లో నాకంటూ ఉన్న గది ఏదీ లేదు. అమ్మే నాకు తలుపు వేసుకోగలిగిన గది అనుకున్నాను.

నాన్న మా వీధి సంఘానికి కార్యదర్శి. ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో 'చెత్త లేని ఇల్లు' అని ఆయన ప్రసంగం పెట్టారు. పాత బట్టలతో అమ్మ కుట్టిన సంచులు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ పంచాను. వెనక వరసల్లో మా క్లాసు మగపిల్లలు కూడా ఉన్నారు. నాన్న బాగా మాట్లాడతారు. కడగడం, ఎండుటాకులు వేయడం, కత్తెర సగంలో ఆపడం అన్నీ చెప్పారు. ప్రతి మాటకీ ముందు "నేనైతే" అన్నారు.

చివర్లో ఎదురింటి పంతులమ్మ లేచింది. "అన్నీ బాగానే ఉన్నాయి అన్నయ్యగారూ. మరి ఆడవాళ్ల ప్యాడ్లు ఏం చేయమంటారు? ఇళ్లలో సగం చెత్త అదే కదా!"

ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న ఒక్క క్షణం తడుముకున్నారు. అంతలోనే ముఖం వెలిగిపోయింది.

"దూరమెందుకు, ఉదాహరణకి మా అమ్మాయినే చూడండి. ప్యాడ్లు మానేసింది. గుడ్డతో తనే కుట్టుకుని, ఉతుక్కుని, మళ్లీ మళ్లీ వాడుకుంటోంది. ఏదీ, ఒకసారి లేచి నుంచోమ్మా!"

నేను లేచాను. ఎందుకు లేచానో తెలీదు, నాన్న లేవమంటే లేవడం అలవాటు. హాలంతా చప్పట్లు. వెనక నుంచి "ఉతుక్కుంటుందంట్రా" అని ఒక గొంతు, దాని మీద నవ్వులు. నా ఒంటి మీద బట్టలున్నాయో లేదో చూసుకోవాలనిపించింది. అమ్మ ఎక్కడుందా అని వెతికాను. మొదటి వరసలో ఉంది. నా వైపు తిరిగి నవ్వుతూ, తను కూడా చప్పట్లు కొడుతోంది.

ఇంటికొచ్చాక వంటింట్లో అడిగాను. "చెప్పనన్నావు కదమ్మా."

"నీ గొప్పే కదే చెప్పింది! మీ నాన్న నీ గురించి ఒక్క మంచిమాటైనా అంటారా ఎప్పుడన్నా? ఇది వింటే మెచ్చుకుంటారనుకున్నా. మెచ్చుకున్నారుగా, అంతమందిలో?"

అవతలి గదిలోంచి నాన్న అన్నారు: "ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? ప్రకృతి సహజం. కాలం మారింది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అయితే తీగ మీద ఆరేసుకోవచ్చా నాన్నా?"

"నోరు లేస్తోందే! అదీ ఇదీ ఒకటేనా? నలుగురూ వచ్చే కొంప ఇది."

అమ్మ పళ్లేలు కడుగుతూ ఉంది. నీళ్ల చప్పుడు కొంచెం పెరిగిందంతే. ఆ రాత్రంతా నాన్న మీద కన్నా అమ్మ మీదే ఏడుపొచ్చింది నాకు. ఆయనకి నేను ఏదీ దాచమని ఇవ్వలేదు. నా రహస్యంతో అమ్మ నాకు ఒక మెచ్చుకోలు కొనిపెట్టింది, అది నేను అడగలేదు. ఎవరూ చెప్పకుండా నేను చేసుకున్న పని అదొక్కటే. ఇప్పుడది నాన్న ప్రసంగంలో ఒక వాక్యం. బడిలో మగపిల్లలు నన్ను 'ఉదాహరణ' అని పిలుస్తున్నారు.

తరువాతి నెల, సాయంత్రం పూట వీధి చివర కొట్టుకి వెళ్లాను. ఆ వేళకి కొట్టు ముందు బల్ల మీద సంఘం పెద్దలు కూర్చుని ఉంటారని నాకు తెలుసు. మధ్యలో నాన్న పేపరు చదువుతున్నారు. నేను ప్యాడ్ల ప్యాకెట్ అడిగాను, అందరికీ వినిపించేలా. కొట్టు మావయ్య గబగబా దాన్ని కాగితంలో చుట్టి, నల్ల కవర్ అందుకున్నాడు.

"వద్దు మావయ్యా. కవర్ వద్దు. ఆ కాగితం కూడా తీసేయ్."

"నలుగురున్నారమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఉండనీ. వీళ్లందరికీ తెలిసిందేగా."

పేపరు కిందికి దిగింది. నాన్న పక్కవాళ్ల వైపు చూసి, పేపరు మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన ఆకాశంలోకి చూశాడు, ఇంకొకాయనకి దగ్గొచ్చింది. ప్యాకెట్ చేత్తో పట్టుకుని వీధి మధ్యలోంచి ఇంటికి నడిచాను. చేతిని వెనక్కి దాచలేదు.

గుమ్మంలో అమ్మ నా చేతి వైపు చూసింది. "మరి ఆ గుడ్డలు పారేశావా?"

పారేయలేదు. ఉతికి, ఎండలో ఆరబెట్టి, భద్రంగా ఒకచోట పెట్టుకున్నాను. ఎక్కడ పెట్టానో, మళ్లీ ఎప్పుడు వాడతానో, ఈసారి అమ్మకి కూడా చెప్పలేదు.