కారులో గుడ్డు కంపు

మా అల్లుడు అచ్యుతరావుగారు ఇరవై ఏళ్లు స్కూటరు నడిపిన మనిషి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల ఇనిస్టిట్యూట్ పెట్టాక, పిల్లలు మెట్ల మీద కూడా కూర్చుని పాఠాలు వింటున్న రోజుల్లో, కారు కొన్నారు. కొనడం వచ్చింది గానీ పంజాగుట్ట చౌరస్తాలో దాన్ని నడపడం రాలేదు. అందుకని రాజేందర్‌ని డ్రైవరుగా పెట్టుకున్నారు. సిరిసిల్లలో మగ్గం మానేసి వచ్చినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నా మోకాళ్ల సంగతి తెలిసి గుంతల దగ్గర బండిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడిపేవాడు.

కారొచ్చినా అల్లుడుగారి స్కూటరు బుద్ధి పోలేదు. బంకులో పెట్రోలు పోయించినప్పుడల్లా స్కూటర్లలో కలిపే టూ-టి ఆయిల్ ప్యాకెట్టొకటి కొని రాజేందర్ చేతికిచ్చి, "కలుపు, ఇంజన్ మెత్తగా ఉంటుంది" అనేవారు. వెనక సీట్లో కూర్చుని నేనెన్నిసార్లు చూశానో.

కొన్నాళ్లకి కారులో కుళ్లిన గుడ్ల కంపు మొదలైంది. మాది ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇల్లు. నా కూతురు వరలక్ష్మి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గేటు దగ్గరే అతన్ని నిలబెట్టింది.

"కారులో గుడ్లు తింటున్నావా?"

"లేదమ్మా. అన్నం, పచ్చిపులుసు. గంతే."

"క్యారియర్ మూత తియ్యి, చూస్తాను."

వీధిలో అందరూ చూస్తుండగా తీశాడు. అన్నం, పచ్చిపులుసు. గంతే.

"అయితే పొద్దున ఇంట్లో తినొచ్చి ఉంటావు," అంది నా కూతురు. ఆ రోజు నుంచి ఎండలో, గోడవతల అతని భోజనం.

అతను అదీ భరించాడు. కారణం నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు క్యాబులు తిప్పే కృష్ణమోహన్ అతన్ని పనిలోకి తీసుకుంటానన్నాడు. "మీ సారు నువ్వు నమ్మకస్తుడివని ఒక్క మాట చెప్తే చాలు" అన్నాడట. అల్లుడుగారిని అడిగితే "చూద్దాంలే" అన్నారు. ఆ ఒక్క మాట కోసం అతను అన్నీ మింగుతున్నాడు.

ఒకరోజు నా మోకాళ్లు డాక్టరుకి చూపించుకుని నలుగురం వస్తుంటే, ఎర్రమంజిల్ ఎత్తు దగ్గర కారు ముసలిదానిలా ఆయాసపడింది. ఎంత తొక్కినా లాగలేదు. వెనక బస్సు ఒకటే హారన్.

"కిరసనాయిలు కలుపుతున్నావురా! పెట్రోలు అమ్ముకుని!" అన్నారు అల్లుడుగారు.

"నా పిల్లల మీద ఒట్టు సార్. ఒక్కసారి గ్యారేజీల చూపిద్దాం."

అమీర్‌పేట సందులో మార్కండేయ గ్యారేజీ. మార్కండేయది పెద్ద నోరు. ఇంజన్ రైజ్ చేయించి, వెనక పొగ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "గాలే వస్తలేదు!" అన్నాడు. కారుని పైకి లేపించి, అడుగున గొట్టం మధ్యలో ఉన్న ఇనప డబ్బాని రబ్బరు సుత్తితో తట్టాడు. లోపల గలగలమంది. దాని ముందు బోల్టులు వదులు చేసి, రాజేందర్‌ని ఒక చుట్టు తిప్పుకురమ్మన్నాడు. చెవులు పగిలే మోతతో పోయిన కారు మైత్రీవనం దాకా వెళ్లి చలాకీగా తిరిగొచ్చింది.

"మస్తు గుంజుతుంది అన్నా!" అన్నాడు రాజేందర్, చాలా రోజులకి నవ్వుతూ.

మార్కండేయ డబ్బా ఊడదీసి చూపించాడు. "గిది క్యాటలిటిక్ కన్వర్టర్ సార్. పొగను సాఫ్ చేస్తది. లోపల తేనెపట్టు లెక్క సన్న రంధ్రాలుంటయి. నూనె మసి పట్టి మూసుకపోయినయి. ఊపిరాడక బండి గుంజుతలేదు. గా గుడ్ల కంపు సుత దీన్దే. ఇంతకీ గిండ్ల టూ-టి ఆయిల్ పోసిన మొనగాడెవరు? ఇది కారనుకున్నడా, స్కూటరనుకున్నడా?"

గ్యారేజీలో అందరూ గొల్లుమన్నారు. అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదిగో, వీడే," అన్నారు రాజేందర్‌ని చూపిస్తూ. "నాకు తెలియకుండా పోశాడు."

రాజేందర్ నవ్వు ఆరిపోయింది. "సార్, జర యాద్ చేస్కోండ్రి. కారుకు వద్దు సార్ అన్న. నాకే చెప్తవా అన్నరు గదా."

"నోర్ముయ్! అబద్ధాలు కూడానా?"

నేనుండబట్టలేకపోయాను. "అదేంటల్లుడుగారూ, ప్యాకెట్టు మీరే కొనిచ్చారుగా. నా కళ్లారా చూశాను."

"అత్తయ్యగారూ, బస్సు మీద బోర్డు చదవలేరు మీరు. ప్యాకెట్టు మీద ఏం రాసుందో చదివారా?"

మళ్లీ నవ్వులు. ఈసారి నా మీద. "అమ్మా, నువ్వూరుకో," అంది నా కూతురు.

కొత్త డబ్బా రేపు బిగిస్తానని, ఈ పూటకి అది లేకుండానే తీసుకుపొమ్మని అన్నాడు మార్కండేయ.

"ఇల్లు చేర్చి తాళాలు ఇచ్చెయ్. నీ పని అయిపోయింది," అన్నారు అల్లుడుగారు, వెనక సీట్లో ఎక్కుతూ.

దారి పొడవునా కారు మోతకి జనం తిరిగి చూశారు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర అల్లుడుగారు సెల్ తీసి, ఆ మోత మీదుగా అరిచారు. "కృష్ణమోహన్‌గారూ! మా రాజేందర్ అని ఒకడు మీ దగ్గరికొస్తాడు! దొంగ! అవునండీ, దొంగ! ఆఁ, దొంగ!"

వినపడలేదని అవతల మళ్లీ మళ్లీ అడిగినట్టున్నారు. ముందు సీట్లో రాజేందర్ మెడ నరాలు నాకు కనిపిస్తున్నాయి. అయినా గుంత దగ్గర బ్రేకు మెల్లగానే తొక్కాడు.

ఇంటి ముందు తాళాలు చాచాడు. అల్లుడుగారు తీసుకోబోయి ఆగారు.

"రేపు దీన్ని గ్యారేజీకి ఎవడు తీసుకెళ్తాడు? పొద్దున్నే వచ్చి, అది బిగించాక తెచ్చి పెట్టి పో. అప్పుడాలోచిస్తాలే, కృష్ణమోహన్‌తో ఏం చెప్పాలో."

రాజేందర్ వచ్చాడు. తెల్లవారేసరికే వచ్చి కారు తుడిచి పెట్టాడు. డబ్బా బిగించాక తెచ్చి గేటు లోపల నిలబెట్టి, చేతులు కట్టుకుని, "సార్, కృష్ణమోహన్ సారుకు..." అన్నాడు.

"ఆలోచించాను," అన్నారు అల్లుడుగారు. తాళాలు అందుకుని లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.