లోబాన్ పొగ

మెహ్‌జబీన్ ఆ వల పెట్టెను హైదరాబాద్ నుంచి సొంతూరు నారాయణఖేడ్ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకొనే తెచ్చింది. యూనివర్సిటీ ల్యాబులో ఏసీ చెడిపోయింది, సెలవుల్లో పట్టించుకునే దిక్కు లేదు. పెట్టెలో రెక్కపురుగులు. నాగల్‌గిద్ద కంది చేలల్లో ఏ మందుకూ చావని పచ్చపురుగులను ఏరి, తరం వెనుక తరం పెంచుకుంటూ వస్తే మిగిలిన సంతానమది. ఇవి గుడ్లు పెడితేనే ఆమె పరిశోధన నిలిచేది.

తల్లి సాలెహా బేగానికి మొదట్లో వాటిని చూస్తేనే వణుకు. "చెవుల దూరితే ఏం గతి?"

"అమ్మీ, గవి నీకంటే భయస్తులు," అని నవ్వింది కూతురు.

దూదిని తేనెనీళ్లలో ముంచి వాటికి మేతగా పెట్టడం నేర్చుకున్నాక, ఆ భయం వాటి కోసం భయంగా మారింది. బల్లి వస్తుందేమో, ఫ్యాను గాలి ఎక్కువైందేమోనని పెట్టె పక్క నుంచి లేచేది కాదు.

గురువారం మెహ్‌జబీన్, పురుగులు గుడ్లు పెట్టేందుకు కందిపూత తేవడానికి నాగల్‌గిద్ద పోయింది. పక్కింటి రిబ్కమ్మ వచ్చి పెట్టెలోకి తొంగిచూసింది.

"అవ్వో సాలెహా, ఎంత నిండుగున్నయే! నీ బిడ్డ చేతుల ఏం బర్కతున్నదో!"

ఆమె పోగానే సాలెహా ధూపం గిన్నెలో నిప్పులు వేసింది. రిబ్కమ్మ మనసు మంచిదే. కానీ దిష్టి చూపు ఎవరి చేతిలో ఉంటుంది? బిడ్డ టెన్త్‌లో ఫస్టొచ్చిన నాడూ ఎవరో ఇట్లాగే పొగిడారు, తెల్లారేసరికి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. నిప్పుల మీద లోబాన్, అదే సాంబ్రాణి, చల్లింది. చాలదనిపించి వేపాకు కూడా వేసింది. గిన్నెను పెట్టె చుట్టూ తిప్పి, గది తలుపు మూసి, పొగ నిండనిచ్చింది.

సాయంత్రం పూతకొమ్మలతో వచ్చిన మెహ్‌జబీన్ వాసనకు గడపలోనే ఆగిపోయింది. పెట్టె అడుగున రెక్కలు పరుచుకొని అన్నీ పడి ఉన్నాయి.

"వాటికి నజర్ తీసిన బేటీ..."

కూతురు వలను వేలితో తట్టింది. మళ్లీ తట్టింది.

"చేన్ల మళ్ల పట్కరారాదా?"

"పురుగులైతే దొరుకుతయి అమ్మీ. గిన్ని తరాలు పెంచేటాల్లకు నా గడువు అయిపోతది."

తర్వాత వాకిట్లో కూతురు తన ప్రొఫెసరుతో ఫోన్లో మాట్లాడుతుంటే సాలెహా విన్నది. "ఎండకు సచ్చినయి సార్. నాదే తప్పు."

తెల్లారి ఖాళీ పెట్టెతో బయలుదేరింది మెహ్‌జబీన్. ఊరికి పోయే ప్రతిసారీ తల్లి లోబాన్ పొగ పడితేనే గడప దాటే అలవాటు. తల వంచి నిలబడింది.

"ఏది అమ్మీ, లోబాన్?"

"వద్దు బేటీ. జల్దీ పో, బస్సు పోతది," అంది సాలెహా, చేతులు రెండూ కొంగులో దాచుకుంటూ.