సెప్టెంబర్ ఒకటికి ముందు పాడిన పాట

కొత్త పెనం మీద దోసె అంటుకోకుండా లేచింది. పెళ్లయ్యాక నా చేతిలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. వినీత్‌ని పిలిచి చూపించేలోపే అతని ఫోన్ మోగింది. పాటల పోటీ నిర్వహించే సుమతి గారు. స్పీకర్‌లో పెట్టాడు.

అది టీవీలో వచ్చే పోటీ. ఒక్కో దేశంలోని తెలుగువాళ్ల నుంచి ఒక్కో కొత్త పాట. అమెరికా తరఫున వినీత్ రాసి బాణీ కట్టిన పాట ఫైనల్‌కి చేరింది. నిబంధనల్లో ఒకటి మాత్రం చాలా కఠినం: సెప్టెంబర్ ఒకటికి ముందు ఆ పాట ఎక్కడా బహిరంగంగా వినిపించకూడదు.

మా పెళ్లి ఆగస్టులో, విజయవాడలో. తలంబ్రాలయ్యాక స్నేహితులు మైకు చేతికిస్తే వినీత్ నా వైపు తిరిగి ఆ పాట పల్లవి పాడాడు. ఉన్నది మనవాళ్లే కదా అనుకున్నాం. కానీ ఫొటోగ్రాఫర్ పెళ్లంతా యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చాడు. ప్రైవేట్ లింకు తెరవడం పెద్దవాళ్లకి రాదని మావాళ్లే అందరికీ కనిపించేలా పెట్టించారు. వేరే దేశం పాట అభిమానులెవరో దాన్ని వెతికి పట్టుకుని పోటీవాళ్లకి పంపారు.

"అది పెళ్లండీ, కచేరీ కాదు," అన్నాడు వినీత్.

"నాకు తెలుసు నాన్నా. కానీ లింకు పబ్లిక్‌గా ఉంది. జడ్జీలు రూల్ అంటే రూల్ అన్నారు. ఫైనల్‌లోంచి నీ పేరు తీసేశాం."

థ్యాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. దోసె తిన్నాడు. బాగుందన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఇంకొకటి పోశాను. అదీ చక్కగా లేచింది.

ఆ తర్వాత మా పెళ్లి వీడియోకి జనం పెరిగారు. మోసగాడని కొందరు, భార్యకి పాడుకుంటే తప్పేంటని కొందరు దాని కింద కొట్టుకున్నారు. వాళ్ల మధ్యలో మా అమ్మమ్మ, పెళ్లికూతురు కాస్త తల ఎత్తితే బాగుండేదని రాసింది. వినీత్‌కి చదివి వినిపించాను. నవ్వాల్సిన చోట ఇద్దరం తలూపాం.

ఫైనల్ రోజు టీవీ పెట్టలేదు. అమెరికాలో మేముండే నోవైలో పొద్దుటి నుంచీ మంచు. అతను డ్రైవ్‌వే మీద మంచు ఎత్తుతుంటే టీ తీసుకెళ్లాను. పార ఊపుకి తగ్గట్టు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆ పాట కాదు, నేనెప్పుడూ విననిది. నన్ను చూసి ఆపేశాడు.

"నీ ఫోన్ ఎక్కడుంది?"

"లోపల. చార్జింగ్‌లో."

నా చేతుల వైపు చూశాడు. రెండు కప్పులు, అంతే. మళ్లీ పార అందుకుని, రాగం మొదటి నుంచి ఎత్తుకున్నాడు.