సంఘం వికీలో నా గొంతు

నా గొంతు బాగుంటుందని మొట్టమొదట అన్నది ఎవరో గుర్తు లేదు. ఆ మహానుభావుడు ఇప్పుడు కనిపిస్తే నాలుగు తగిలించేవాణ్ణి.

మాది సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె. ఇంట్లో అందరూ చేపల వేటకు పోయేవాళ్ళే. నేనొక్కణ్ణే కావలిలో, మా బోటు సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. సంఘానికి ఒక వికీ ఉంది. అంటే సంఘం వాళ్ళెవరైనా ఫోన్లో తెరిచి చూసుకోగల పేజీలు. ఇంజన్ల గురించి ఒకటి, వలల గురించి ఒకటి, వాతావరణానికి ఒకటి. వాటిని చూసుకునేది నేను.

"రాసిందాన్ని ఎవురూ చదవడంల్యా శివా. చూసేట్టు, వినేట్టు పెట్టు" అన్నారు ఒకరోజు మా అధ్యక్షుడు కామాక్షయ్య గారు.

అంతే, నాకు పూనకం వచ్చింది. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో నేనే వేసుకుని వీడియో తీయించుకున్నాను. ఆ ఫైలును తిన్నగా పేజీలోకి ఎక్కించాను. రేవులో ఉండే సిగ్నల్‌కి అది తెరుచుకునేలోపు వేటకు పోయి తిరిగి రావచ్చు. తర్వాత బుద్ధి తెచ్చుకుని, వీడియోను వేరే సైటులో పెట్టి దాని కోడ్ మాత్రం పేజీలో అతికించాను. వాతావరణానికి చిన్న ఆడియో చాలనుకున్నాను. మనవాళ్ళ చేతులు తడిగా ఉంటాయి, బటన్ ఎక్కడ వెతుక్కుంటారని, పేజీలో ఎక్కడ వేలు తగిలినా మోగేట్టు పెట్టాను. ఆహా, ఏం బుర్ర! ఆడియో మొదట్లో రేడియోవాళ్ళలా నవ్వుతూ ఒక పలకరింపు కూడా చేర్చాను.

ముందుగా మా బావ మస్తాన్ బోటులో వాడి చూద్దామనుకున్నాం. కిందటేడు గాలివానలో బోటు తిరగబడి, బావ ఎలాగో ప్రాణాలతో ఒడ్డున పడ్డాడు. అప్పటినుంచి వేటకు పోలేదు. సముద్రానికి వీపు పెట్టి వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. మా అక్క విజయకుమారి తిట్టి, ఏడ్చి, బతిమాలి చివరికి ఒప్పించింది. వేసవిలో ఉండే వేట నిషేధం ముగియగానే పోతానన్నాడు, ఒక్క షరతు మీద.

"గాలి ఎట్టుండాదో శివ చెప్తే పోతాడంట. నీ గొంతు ఇంటే ధైర్యంగా ఉంటాదంట" అంది అక్క. "ఈసారి పోకపోతే ఆ మనిషి ఇంక పోడురా."

నా గురించి ఎవరూ అంత మాట అనలేదు. నిజం చెప్పొద్దూ, కళ్ళు తడిశాయి.

బావ బయల్దేరే రోజు పొద్దున్నే ఆఫీసుకు వచ్చి చూస్తే వాతావరణం పేజీకి వ్యూస్ పెరుగుతూనే ఉన్నాయి. కామాక్షయ్య గారిని పిలిచి చూపించాను.

"ఇప్పటికి వాడేది ఒక్క బోటే గదా. ఎందుకబ్బా అన్నిసార్లు?"

"బాగుంది కదండీ, మళ్ళీ మళ్ళీ వింటున్నారు" అన్నాను ఛాతీ విరుచుకుని.

అంతలో అక్క ఫోను. "రేయ్, నీ నోట్లో మన్నుబొయ్య! ఏం పెట్టినావురా అందులో? మీ బావ ముట్టుకుంటే చాలు, యాడికి బయల్దేరినావని అడగతా ఉండాది గదరా నీ గొంతు!"

నాలుక కరుచుకున్నాను. వేటకు బయల్దేరిన మనిషిని ఎక్కడికని గానీ, ఎప్పుడొస్తావని గానీ అడగకూడదు. అడిగితే వెనక్కొచ్చి కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి. మా వాడలో పాలు మరవని బిడ్డకు కూడా తెలుసు. నాకు తెలియక కాదు. కానీ ఏసీ గదిలో మైకు ముందు కూర్చుని "నమస్కారం అన్నా! ఈ రోజు ఎక్కడికి బయల్దేరారు?" అని ఇకిలించేటప్పుడు, చెప్పులతో పాటు ఊరి బుద్ధిని కూడా గుమ్మం బయటే విడిచినట్టున్నాను.

బావ వెనక్కొచ్చి నీళ్ళు తాగాడు. లేచాడు. గాలి సంగతి వినాలి కదా, మళ్ళీ పేజీ తెరిచాడు. మళ్ళీ అడిగాను. నేను గొప్పగా చూపించిన వ్యూస్ అన్నీ బావ తాగిన నీళ్ళే.

"సముద్రమే వద్దంటుండాది అంటా వల దించేస్తుండాడురా" అంది అక్క.

గబగబా ఆడియో తీసేసి, మళ్ళీ తెరవమన్నాను. బావ ఫోన్లో పాతదే దాగి ఉన్నట్టుంది. "నమస్కారం అన్నా!" అంటూ మొదలవడం అక్క ఫోన్లోంచి నాకూ వినపడింది. అంత వెటకారమా నా గొంతులో! బండి తీసి రేవుకు పరుగు పెట్టించాను.

బావ బోటు అంచు మీద కూర్చుని ఉన్నాడు. వల సగం ఒడ్డున, సగం బోటులో ఉంది.

"తీసేసినా బావా. ఇంక అడగదు."

"అడిగింది అడిగిందే గదా."

"అడిగింది నేను, సముద్రం గాదు. దానికి బుద్ధుండాది. నాకే ల్యా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బావ నవ్వలేదు. "ఆ పేజీలో గాదు, నోటితో చెప్పు. గాలి ఎట్టుండాది?"

నీళ్ళలో నిలబడి చెప్పాను. "పడమటి గాలి, నెమ్మదిగానే ఉండాది. అల తక్కువ. సాయంత్రం దాకా వాన ల్యా." రేడియో గొంతు ఏమైపోయిందో, ఒక్క మాటా కుదురుగా రాలేదు.

బావ నా మొహంలోకి చూశాడు. "వణకతా ఉండావే?"

"నువ్వు పోతుండావు గదా. భయం వేయదా?"

"నాకూ అంతే" అని లేచి, వలను బోటులోకి లాక్కున్నాడు.

ఇంజను అందుకుంది. బోటు కదిలింది. అక్క ఏడుస్తూ నవ్వుతోంది. నాకు ఆనందం ఆగలేదు. "బావా, ఎన్నింటికి..." అని అరవబోయాను.

అక్క అరచెయ్యి ఫట్‌మని నా నోటి మీద పడింది. బోటు కనుమరుగయ్యేదాకా ఆమె ఆ చెయ్యి తీయలేదు. నేనూ తీయమనలేదు.