కొరాజీను బోర్డు

మామిడికాయల గ్రేడింగు షెడ్డులో పదకొండేళ్ళు ప్రార్థనలు చేసుకున్నాక, విస్సన్నపేట దగ్గరి ఆ క్రైస్తవ సహవాసానికి సొంత హాలు వచ్చింది. షెడ్డూ, హాలు కట్టిన స్థలమూ చిన్నరాయప్పవే. ప్రతి ఆదివారం కాయలు పక్కకి తీయించి, సొన అంటిన నేల కడిగి, చాపలు పరిచింది ఆయన భార్య మగ్దలేనమ్మ. స్లాబు పడకముందే ఆమె పోయింది. హాలుకి ఆమె పేరు పెట్టాలన్నదొక్కటే చిన్నరాయప్ప కోరిక. ఆ ముక్క నోరు తెరిచి అడగడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది.

"మనుషులకి మహిమ ఇవ్వకూడదండి," అన్నాడు సంఘపెద్ద శ్యామ్ సుందర్ మాస్టారు. "మన సహవాసాలన్నిట్లో వాక్యంలో ఉన్న ఊళ్ళ పేర్లే, కొండల పేర్లే పెడతారు. అదీ ఇంకెవరూ పెట్టుకోనిదై ఉండాలి."

అలా అన్న మనిషి గుమ్మం పక్క నల్లరాయి మీద తన పేరు జానెడు అక్షరాలతో అప్పటికే చెక్కించుకుని ఉన్నాడు.

మంచి పేర్లన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఎబెనెజరు జి. కొండూరు వాళ్ళు పట్టుకుపోయారు. రెహోబోతు బాపులపాడు వాళ్ళది. పెళ్ళిలో మొదటి బంతికి చోటు దొరకనివాళ్ళలా పెద్దలంతా మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. చివరికి మాస్టారు కళ్ళు మూసుకుని, గ్రంథం తెరిచి వేలు పెట్టాడు. వేలు గాడిద మీద పడింది. "ప్రభువు ఇంకా మాట్లాడుతున్నాడు," అని మళ్ళీ పెట్టాడు. ఈసారి కుష్ఠరోగం. మూడోసారి కొరాజీను.

"ఎంత గంభీరంగా ఉందండీ. జిల్లాలో ఎవరికీ లేదు," అన్నాడు మాస్టారు.

ఎందుకుంటుంది? ఆ ఊరిని ప్రభువు శపించాడని మూడో తరగతితో బడి మానేసిన చిన్నరాయప్పకే తెలుసు. "ముందూ వెనకా చదవండి మాస్టారూ," అన్నాడు.

"ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడికి చదవడం నేర్పుతున్నారా, రాయప్పగారూ?"

ఆ పేరే బోర్డుకెక్కింది.

ప్రతిష్ఠ రోజున తల్లి సంఘం నుంచి మార్టిన్ అయ్యగారు వచ్చారు. పేరు దొరికిన వచనాన్ని అందరిలోకీ పెద్దవయసు మనిషి చదవడం ఆ సహవాసాల ఆనవాయితీ. చిన్నరాయప్ప లేచి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. అద్భుతాలు చూసి కూడా మారని ఆ ఊరికి ఏ గతి పట్టబోతోందో అంతా మైకులో మోగింది. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు ఫ్యాను వంక చూశాడు.

"ముందా బోర్డు దింపండి," అన్నారు అయ్యగారు. తరవాత ముసలాయన వైపు తిరిగి, "తాతగారూ, మీ ఇంటావిడ పేరు పెట్టమని అడిగారటగా. అదే పెట్టేద్దాం, ఏమంటారు?" అన్నారు.

హాలంతా ఆయన వంకే చూసింది. చిన్నరాయప్ప కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"వేరే దొరక్క పెట్టుకోడానికా అయ్యా, దాని పేరు? వద్దు."

మైకు ఇచ్చేసి వెళ్ళి చాప మీద కూర్చున్నాడు. కొరాజీను పేరుతో కరపత్రాలు అయిదువందలు అచ్చయిపోయాయనీ, వాటినేం చేయమంటారనీ మాస్టారు అయ్యగారిని అడుగుతూనే ఉన్నాడు.