భాషతో వచ్చినదాన్ని బయట వెతికించారు

మేనేజర్ని చూస్తే చురకకి ఒళ్లు మంట. చురక అన్నది ఆఫీసువాళ్లు ఆమెకి పెట్టిన పేరు, నోరు అలాంటిది మరి. మేనేజర్‌కి ఆమె పెట్టిన పేరు జాబితా బాబాయ్. ఆ మనిషికి ప్రోగ్రాం రాయడంలో ఓనమాలు కూడా తెలీవు గానీ, గళ్లు గీసిన కాగితం కనిపిస్తే చాలు, ప్రాణం లేచొస్తుంది.

కిడ్నీ రోగులకి డయాలసిస్ చేసే ఒక క్లినిక్ కోసం వాళ్లు అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాం తయారుచేస్తున్నారు. ఇది సవ్యంగా నడిస్తే బాబాయ్ ఉంటాడు, బెడిసికొడితే ఆ కుర్చీ చురకది. పైవాళ్లు ఆ మాట మొహమాటం లేకుండా ఇద్దరికీ చెప్పేశారు.

"ప్రోగ్రాంలో వాడే రెడీమేడ్ లైబ్రరీల పేర్లన్నీ ఈ డిపెండెన్సీల జాబితా ఫైల్లో ఉండాలమ్మా," అన్నాడు బాబాయ్. "తేదీలు లెక్కకట్టేది ఇందులో లేదే?"

"అది ప్రోగ్రామింగ్ భాషతో పాటే వస్తుంది సార్. బయటినుంచి తెచ్చుకునేది కాదు. రాయక్కర్లేదు."

"వాడుతున్నామా లేదా?"

"వాడుతున్నాం."

"మరింకేం, రాసెయ్."

ఏం చెప్తాం ఇలాంటి మహానుభావుడికి! ఆ ఫైల్లో పేరు రాస్తే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కంప్యూటర్ ఆ పేరున్న సరుకు కోసం ఇంటర్నెట్లో ఉన్న ఉమ్మడి గిడ్డంగికి వెళ్తుంది. అక్కడ ఎవడైనా ఏ పేరుతోనైనా ఏదైనా పెట్టొచ్చు. చురక వెతికి చూసింది. ఉంది, సరిగ్గా అదే పేరుతో, ఎవడో ఏనాడో సగం రాసి వదిలేసిన చెత్త. అది దిగిందంటే అసలుదాన్ని పక్కకి నెట్టి తనే కూర్చుంటుంది.

వెళ్లి ఆ సంగతి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఎంత తెలివండీ ఆవిడది! నవ్వుకుంటూ ఆ పేరు రాసేసింది.

టెస్టింగ్ చూసేది ఎవరో కాదు, ఆమె సొంత వదిన. ఫైలు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇదేంటే, దీన్నెందుకు రాశావు? మన దగ్గర బాగానే నడుస్తోంది. క్లినిక్ సర్వర్లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇంకేదైనా దిగితే?"

"దిగనీ వదినా. బాబాయ్ ముచ్చట తీరనీ. నువ్వు నోరు మెదపకు."

వదిన మొహం మాడ్చుకుంది గానీ, ఆడపడుచుతో ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకుంది.

బుధవారం రాత్రి క్లినిక్ సర్వర్లో ఇన్‌స్టాల్ చేస్తే ఆ చెత్తే దిగింది. గురువారం పొద్దున్న క్లినిక్ తలుపులు తీసేసరికి, ఆ రోజు రావాల్సిన పదకొండు మంది పేర్లు శుక్రవారంలో ఉన్నాయి. కౌంటర్లో వాళ్లు స్క్రీన్‌ని నమ్మి మనుషుల్ని వెనక్కి పంపేశారు. కాళ్లు వాచిపోయిన ఒక ముసలాయన గేటు దగ్గరే కూలబడ్డాడు. తప్పు తెలిశాక మిగతా పదిమందినీ మళ్లీ పిలిపించారు. ఆయన్ని మాత్రం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

మర్నాడు మీటింగ్ గదిలో పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలో చురక ముందే తయారుచేసుకుంది. బాబాయ్ ఆ అవసరం రానివ్వలేదు, తనే లేచి నిలబడ్డాడు.

"రాయమన్నది నేనే. అక్కర్లేదని ఈ అమ్మాయి చెప్పింది, నేనే వినలేదు. ఇంత ప్రమాదం ఉందని పాపం తనకీ తెలిసుండదు. తెలిస్తే చెప్పకుండా ఉంటుందా?"

వదిన తలెత్తి ఆడపడుచు వైపు చూసింది.

"అయితే ఇవాళ్టినుంచి ఈ మేనేజర్ పని నువ్వే చూసుకోవాలమ్మా," అన్నారు పైవాళ్లు.

సిగ్గుతో చురక చెవులు కాలిపోయాయి. నాకు ముందే తెలుసు అని చెప్పడానికే నోరు తెరిచింది.

"అలాగే సార్," అంది.